కనుగొన్నదెవరు? – మచు పిచ్చు, ఫణిగిరి, నర్మెట శిథిలాలు: స్థానికుల ఎరుక, చరిత్ర రచన

వ్యాససంగ్రహం

కొండలమీద, గుట్టల వాలుల్లో మిగిలిన ప్రాచీన శిథిలాల చరిత్ర సాధారణంగా వాటిని ‘కనుగొన్న’ సంవత్సరంతో మొదలవుతుంది. ఆ సంవత్సరానికి ముందే ఆ చోటును ఎరిగి, దానికి పేరు పెట్టి, దానితో కలిసి బతికిన ప్రజల జ్ఞానం గ్రంథాల్లో అరుదుగా కనిపిస్తుంది. ఈ లోపం మర్యాదకు మాత్రమే సంబంధించినది కాదనీ, సాక్ష్యాన్ని కూడా దెబ్బతీస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఇందుకు పెరూ దేశంలోని మచు పిచ్చు, సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరి, సిద్దిపేట జిల్లాలోని నర్మెట, పుల్లూరు స్థలాలను పరిశీలిస్తుంది. స్థానికుల ఎరుక పండితుల నమోదులోకి సక్రమంగా చేరిన సందర్భానికి కోటిలింగాలను ఉదాహరణగా తీసుకొంటుంది.

కీలకపదాలు: ఇంకా నాగరికత, మచు పిచ్చు, ఫణిగిరి, బృహత్ శిలాయుగ సమాధులు, రాక్షసగుళ్ళు, పాటిగడ్డ, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

సిద్దిపేట పరిసరాలతో సహా తెలంగాణలోని అనేక గ్రామాల్లో ‘పాటిగడ్డ’ అని పిలిచే చోటు ఒకటి ఉంటుంది. పూర్వం ఊరుండి పాడుపడిన స్థలమని దాని అర్థం. బూడిద, ఎముకలు, కుండపెంకులు కలిసిన ఆ మన్ను సారవంతమైనదని రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకొనేవారు. అలాగే గుట్టల పక్కన, బంజరు భూముల్లో పెద్ద రాళ్ళు వలయంగా పేర్చి కనిపిస్తే వాటిని ‘రాక్షసగుళ్ళు’ అనీ, ‘పాండవుల గుళ్ళు’ అనీ అంటారు. పురావస్తు పరిశోధకుడు ‘ప్రాచీన జనావాస దిబ్బ’ అనీ, ‘బృహత్ శిలాయుగ సమాధి’ అనీ నివేదికలో రాయకముందే ఆ చోటు మామూలు చోటు కాదన్న గుర్తింపు ఈ పేర్లలో ఉంది.

అయినప్పటికీ చరిత్ర గ్రంథాల్లో ఆ స్థలం ఫలానా సంవత్సరంలో ఫలానా వ్యక్తి ‘కనుగొన్నాడు’ అనే వాక్యంతోనే ప్రవేశిస్తుంది. ‘కనుగొనడం’ అనే ఈ క్రియలో రెండు వేర్వేరు పనులు కలిసిపోయాయి. ఒక చోటు ఉనికిని ఎరిగి ఉండడం మొదటిది. ఆ ఉనికిని కొలతలతో, చిత్రాలతో, తేదీలతో నమోదుచేసి విద్వత్ లోకానికి తెలపడం రెండవది. రెండవ పని చేసినవారికి మొదటి పని ఘనత కూడా దక్కడం పరిపాటి అయింది.

ఈ పరిణామం అత్యంత స్పష్టంగా కనిపించే ఉదాహరణ మచు పిచ్చు. ప్రస్తుత పరిశీలనలోని స్థలాలు కాలంలోనూ ప్రయోజనంలోనూ పరస్పరం భిన్నమైనవి. మచు పిచ్చు ఒక చక్రవర్తి విడిది, ఫణిగిరి ఒక బౌద్ధారామం, నర్మెట, పుల్లూరు సమాధి స్థలాలు. కాబట్టి ఇక్కడి తులన నాగరికతల మధ్య జరిగేది కాదు. శిథిలం గ్రంథస్థమైన తీరుకే అది పరిమితం.

2. మచు పిచ్చు: 1911కు ముందు, తరువాత

పెరూలోని కుస్కో ప్రాంతంలో, ఉరుబంబ నది లోయకు పైన, సముద్రమట్టానికి సుమారు 2,430 మీటర్ల ఎత్తున మచు పిచ్చు ఉంది. ఇంకా సామ్రాజ్యాన్ని విస్తరింపజేసిన పచకుటి పాలనలో, 15వ శతాబ్దంలో దీన్ని నిర్మించారన్నది పరిశోధకుల సాధారణ అభిప్రాయం. సున్నం వాడకుండా రాతికి రాయి అతికినట్లు చెక్కి కట్టిన గోడలు, వాలు జారకుండా ఆపుతూ పంటకు చోటిచ్చే మెట్టు పొలాలు, వాననీటిని లోపలికి ఇంకించే రాతిపొరలు దాని నిర్మాణ విశేషాలు. 16వ శతాబ్దంలో స్పానిష్ ఆక్రమణ జరిగిన దశకాల్లో ఈ విడిది రాజాదరణ కోల్పోయింది.

1911 జులై 24న అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన హైరం బింగం ఇక్కడికి చేరుకొన్నాడు. లోకప్రసిద్ధమైన కథనం ఇక్కడే మొదలవుతుంది. కాని ఆ రోజున జరిగిన సంఘటనలను వరుసగా చూస్తే మరొక చిత్రం కనిపిస్తుంది. కొండపైన శిథిలాలున్నాయని బింగంకు చెప్పినవాడు నది ఒడ్డున నివసించే మెల్చోర్ ఆర్టెయాగా అనే రైతు. ఒక సోల్ కూలికి అతడే దారి చూపించాడు. పైకి చేరేసరికి అక్కడ రిచార్టే, అల్వారెజ్ కుటుంబాలు ఇంకాల నాటి మెట్టు పొలాల్లోనే పంటలు పండించుకొంటూ ఉన్నాయి. పన్నులు వసూలుచేసే అధికారులకు, సైన్యంలోకి మనుషులను పట్టుకుపోయేవారికి దూరంగా ఉండడానికి వారు ఆ ఎత్తును ఎంచుకొన్నారు. శిథిలాల మధ్య బింగంను తిప్పి చూపించినవాడు ఆ కుటుంబాలలోని ఒక బాలుడు. గుడి గోడమీద అగుస్తిన్ లిజరాగా అనే స్థానికుని పేరు, 1902 అనే సంవత్సరం బొగ్గుతో రాసి ఉన్నాయి. బింగం తన క్షేత్ర నోటుపుస్తకంలో ఆ పేరును రాసుకొన్నాడు. 1948లో వెలువడి విశేష ప్రచారం పొందిన ఆయన గ్రంథంలో మాత్రం ఆ పేరుకు చోటు దక్కలేదు.

బింగం కృషిని తక్కువ చేయడానికి వీల్లేదు. ఆయన తీయించిన ఛాయాచిత్రాలు, గీయించిన పటాలు, 1912లోనూ 1914–15లోనూ సాగించిన యాత్రలు లేకుంటే ఆ స్థలం మీద వ్యవస్థిత అధ్యయనం అంత త్వరగా మొదలయ్యేది కాదు. 1913 ఏప్రిల్‌లో ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రిక ఈ విషయానికే ఒక సంచికను కేటాయించింది. అయితే నమోదు చేసినవాని మాటే తుది మాట కావడం వల్ల రెండు పొరపాట్లు దశాబ్దాలపాటు నిలిచాయి.

మొదటిది గుర్తింపులో జరిగిన పొరపాటు. స్పానిష్ వారిని 1572 వరకు ఎదిరించిన ఇంకాల చివరి రాజధాని విల్కబంబ ఇదేనని బింగం విశ్వసించాడు. నిజానికి ఆ రాజధాని అడవిలోని ఎస్పిరితు పంపా వద్ద ఉందని తరువాతి పరిశోధన తేల్చింది. విచిత్రమేమిటంటే, 1911 యాత్రలోనే బింగం ఆ చోటును కూడా చూశాడు, కాని దాని ప్రాముఖ్యాన్ని గుర్తించలేదు. రెండవది పేరుకు సంబంధించినది. పెరూ చరిత్రకారుడు దొనాతో అమాదో గోన్సాలెస్, అమెరికన్ పరిశోధకుడు బ్రయన్ బౌయర్ 2021లో ప్రచురించిన అధ్యయనంలో పాత పటాలను, 17వ శతాబ్దపు పత్రాలను, బింగం నోటుపుస్తకాలను పరిశీలించారు. ఇంకాల కాలంలో ఆ పట్టణాన్ని హుయానా పిచ్చు అని గాని, కేవలం పిచ్చు అని గాని పిలిచి ఉంటారని వారు ప్రతిపాదించారు. కెచువా భాషలో ‘మచు’ అంటే ముసలి, ‘హుయానా’ అంటే పడుచు. ఒక చక్రవర్తి నిర్మాణం నూరేళ్ళకు పైగా పక్క కొండ పేరుతో చలామణి అయిందన్నమాట.

వస్తువుల విషయం మరింత ఆలోచించదగినది. తవ్వకాల్లో లభించిన వేలాది వస్తువులు యేల్ విశ్వవిద్యాలయానికి తరలాయి. వాటిని తిరిగి ఇవ్వాలన్న పెరూ డిమాండు దీర్ఘకాల వివాదమైంది. 2010లో ఒప్పందం కుదిరి, తరువాతి రెండేళ్ళలో అవి కుస్కో నగరానికి తిరిగివచ్చాయి. కొండమీదినుంచి దిగిన వస్తువు మళ్ళీ ఆ ప్రాంతానికి చేరడానికి శతాబ్ద కాలం పట్టింది.

3. నడక కూడా ఒక పఠన పద్ధతి

మచు పిచ్చుకు ఈనాడు రైలు, బస్సు సౌకర్యాలున్నాయి. అయినా నాలుగు రోజులు కాలినడకన వెళ్ళే ‘ఇంకా మార్గం’ పట్ల ఆదరణ తగ్గలేదు. సుమారు 43 కిలోమీటర్ల ఈ మార్గంలో అధిక భాగం ఇంకాలు పరచిన రాతిదారి. 4,200 మీటర్లకు పైబడిన వార్మివాన్యుస్కా కనుమను దాటి, రుంకురకాయ్, సాయక్‌మార్కా, ఫుయుపటమార్కా, వినాయ్ వాయ్నా శిథిలాల మీదుగా సాగి, ఇంతి పుంకు అనే సూర్యద్వారం వద్ద అది ముగుస్తుంది. మార్గరక్షణ కోసం కూలీలు, మార్గదర్శకులతో కలిపి రోజుకు 500 మందిని మాత్రమే అనుమతిస్తారు. మరమ్మతుల నిమిత్తం ప్రతి ఫిబ్రవరిలో దారిని మూసివేస్తారు.

ఈ నడకకు వినోదాన్ని మించిన విలువ ఉంది. రైలులో వచ్చినవారికి మచు పిచ్చు ఆకాశంలో వేలాడే ఒంటరి నగరంగా కనిపిస్తుంది. నడిచి వచ్చినవారికి అది ఒక దారి చివరి మజిలీగా అర్థమవుతుంది. మధ్యలో విశ్రాంతి స్థలాలు, కాపలా చోట్లు, ధాన్యం నిల్వలు, పొలాలు వరుసగా ఎదురవుతాయి. ఈ దారి 30,000 కిలోమీటర్లకు మించిన ‘ఖపాక్ న్యాన్’ అనే రహదారి వ్యవస్థలో చిన్న శాఖ. ఆ వ్యవస్థను ఆరు దేశాల ఉమ్మడి వారసత్వంగా యునెస్కో 2014లో గుర్తించింది. లిపి లేకుండా, ముడులు వేసిన ‘క్విపు’ దారాలతో లెక్కలు నడిపిన సమాజానికి దారులే ముఖ్యమైన పత్రాలు. వాటిని చదవాలంటే నడవక తప్పదు.

ఈ సూత్రం తెలంగాణ గుట్టలకూ వర్తిస్తుంది. శిల్పాన్ని సంగ్రహాలయంలో చూసినప్పుడు దాని రూపం తెలుస్తుంది. గుట్ట ఎక్కి, అది నిలిచిన చోటునుంచి చుట్టూ చూసినప్పుడే దానికి వాగుతో, దారితో, కింది ఊరితో ఉన్న సంబంధం తెలుస్తుంది.

4. ఫణిగిరి: గుట్టమీది నుంచి లోకం దాకా

పాము పడగను పోలిన ఆకారం వల్ల ఫణిగిరికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. మూసీకి ఉపనది అయిన బిక్కేరు వాగు సమీపంలో ఈ గుట్ట ఉంది. పైన మహాస్తూపం, చైత్యగృహాలు, విహారాలు, స్తంభాల మండపం అవశేషాలు కనిపిస్తాయి. చుట్టుపక్కల గాజులబండ, వర్ధమానుకోట వంటి ప్రాచీన స్థలాలున్నాయి. ఎక్కి చూసినవారికి ఒక విషయం వెంటనే స్ఫురిస్తుంది. భిక్షువుల ఆవాసం ఊరికి దూరంగా ఉంది గాని ఊరికి కనిపించనంత దూరంగా లేదు. భిక్షకు దిగివెళ్ళడానికి, ధ్యానానికి తిరిగి ఎక్కడానికి అనువైన ఎత్తు అది. గుట్టమీది శిల్పసంపదకు దాతలు కింది లోకంలోనే ఉన్నారని శాసనాలు కూడా సూచిస్తాయి.

1940ల తొలినాళ్ళలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ ఇక్కడ తవ్వకాలు జరిపింది. 1914లో ఏర్పడి గులాం యజ్దానీ సారథ్యంలో ఎదిగిన ఆ శాఖ తెలంగాణలోని అనేక స్థలాలను నివేదికల్లోకి తెచ్చింది. తరువాత ఆరు దశాబ్దాలపాటు ఫణిగిరి దాదాపు విస్మృతిలో ఉండి, 2001 నుంచి తిరిగి సాగిన తవ్వకాలతో వెలుగులోకి వచ్చింది. బుద్ధుని జీవిత ఘట్టాలను మలచిన సున్నపురాతి తోరణ భాగాలు లభించాయి. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని 18వ పాలనా సంవత్సరానికి చెందిన శాసనం బయటపడడంతో, ఆ రాజు అంతవరకు భావించినదానికంటే ఎక్కువకాలం పాలించాడని తేలింది. ఒక గుట్టమీది ఒక స్తంభం ఇక్ష్వాకు వంశ కాలక్రమాన్ని సవరించింది. 2024లో ఇక్కడే ఒక కుండలో 3,730 సీసపు నాణేలు లభించాయి. ఒకవైపు ఏనుగు, మరొకవైపు ఉజ్జయిని చిహ్నం గల ఈ నాణేలను ఇక్ష్వాకుల కాలానివిగా గుర్తించారు.

2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం భారతదేశపు తొలినాటి బౌద్ధకళపై నిర్వహించిన ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలకు చోటు దక్కింది. తెలంగాణకు ఇది గౌరవప్రదమైన సందర్భం. ఆ శిల్పాలు ఒప్పందం మేరకు వెళ్ళాయి. ఈ అంశంలో మచు పిచ్చు వస్తువుల చరిత్రకు ఇది భిన్నం. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. న్యూయార్క్ సందర్శకునికి దొరికిన వివరణ ఫణిగిరి బడిపిల్లవానికి తన భాషలో, తన ఊరిలో దొరుకుతున్నదా? శిల్పాన్ని అర్థంచేసుకొనే అవకాశం శిల్పంతో పాటే దూరమైతే, ఊరికి మిగిలేది గుట్టమీది ఖాళీ మాత్రమే.

5. నర్మెట, పుల్లూరు: రాక్షసగుళ్ళు చెప్పే సంగతి

సిద్దిపేట జిల్లా నంగునూరు మండలంలోని నర్మెటలోనూ, సిద్దిపేటకు సమీపంలోని పుల్లూరులోనూ తెలంగాణ పురావస్తు శాఖ 2017లో బృహత్ శిలాయుగ సమాధులను తవ్వింది. నర్మెట సమాధిపై కప్పిన మూతబండ బరువు 40 టన్నులకు పైబడి ఉంటుందని అంచనా వేశారు. దాన్ని తొలగించడానికి భారీ యంత్రాలు అవసరమయ్యాయి. లోపల మానవ అవశేషాలు, మట్టిపాత్రలు, ఎముకతో చేసిన ఆభరణ భాగాలు దొరికాయి.

దక్కను ప్రాంతంలో ఈ కోవకు చెందిన సమాధులు స్థూలంగా క్రీ.పూ. మొదటి సహస్రాబ్దికి చెందినవి. ఇనుము వాడకం తెలిసిన వ్యవసాయ, పశుపాలక సమాజాలు వీటిని నిర్మించాయి. యంత్రాలు లేని కాలంలో 40 టన్నుల బండను గుట్టనుంచి విడదీసి, జరిపి, సమాధి గోడలపైకి ఎక్కించడం ఒక కుటుంబానికి సాధ్యమయ్యే పని కాదు. దానికి వందలాది చేతులు, వారికి తిండి పెట్టగల మిగులు ధాన్యం, పని నడిపే అధికారం కావాలి. రాజుల పేర్లు మిగలని ఆ కాలపు సామాజిక వ్యవస్థకు ఆ బండే శాసనం.

‘రాక్షసగుళ్ళు’ అన్న పేరు సరిగ్గా ఇదే ఆశ్చర్యాన్ని వ్యక్తం చేస్తుంది. మామూలు మనుషులు ఈ రాళ్ళను ఎత్తలేరు, కాబట్టి రాక్షసులో పాండవులో ఎత్తి ఉంటారన్నది జనం తర్కం. ముగింపు పురాణగాథదే అయినా, పరిశీలన సరైనదే. అంతకంటే ముఖ్యమైనది ఆ పేరు నిర్వహించిన రక్షణ. రాక్షసులవి, దేవుళ్ళవి, చచ్చినవాళ్ళవి అన్న భయభక్తులు ఉన్నంతకాలం ఆ రాళ్ళ జోలికి ఎవరూ పోలేదు. నాగలి కూడా వాటిని చుట్టి పక్కకు తొలగింది. పుల్లూరు బండపై లక్ష్మీనరసింహస్వామి క్షేత్రం నేటికీ జనంతో కళకళలాడుతుంది. ఒకే ఊరి పరిధిలో వేల ఏళ్ళనాటి సమాధి, నడుస్తున్న జాతర పక్కపక్కన ఉండడం ఇక్కడి రాతికి జనజీవితంతో తెగిపోని సంబంధం ఉందని చూపుతుంది.

ఆ భయం పోయి, దాని స్థానంలో చరిత్ర జ్ఞానం రాకపోవడమే నేటి ప్రమాదం. రాక్షసుల గుడి కాదని తెలిసినవానికి అది మూడువేల ఏళ్ళనాటి సమాధి అని తెలియకపోతే, అది చదును చేయవలసిన రాళ్ళకుప్పగానో, కంకరకు పనికివచ్చే బండగానో, కింద నిధి ఉన్న గుంటగానో కనిపిస్తుంది. భూమిలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలన్న చట్టం 1878 నుంచే ఉంది. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కాని జాబితాకెక్కని రాతివలయాన్ని ఏ చట్టమూ కాపాడలేదు. దాన్ని జాబితాకెక్కించవలసిన సమాచారం ఊరి పశువుల కాపరి వద్ద, ఉపాధి పనికి వెళ్ళిన కూలీ వద్ద ఉంటుంది.

6. కోటిలింగాల: ఎరుక నమోదైన తీరు

స్థానికుల ఎరుకకు తగిన చోటు దక్కితే చరిత్ర ఎలా మారుతుందో కోటిలింగాల చూపుతుంది. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న ఈ స్థలంలో వానలకు బయటపడి గ్రామస్థులకు దొరికే పాత నాణేలను ఆ ప్రాంతపు చరిత్రాభిమాని సంగనభట్ల నరహరిశర్మ ఓపికగా సేకరించి, శాసన పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి దృష్టికి తెచ్చారు. శాతవాహన వంశ స్థాపకునిగా పురాణాలు పేర్కొన్న శిముకుని నాణేలు వాటిలో ఉన్నట్లు గుర్తించడంతో, శాతవాహనుల తొలి కేంద్రం గురించిన చర్చలో తెలంగాణకు కీలక స్థానం లభించింది. తరువాత పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు చేపట్టింది.

ఇక్కడ మూడు దశలు విడివిడిగా కనిపిస్తాయి. నాణెం దొరికినవాడు గ్రామస్థుడు, దాని విలువను గ్రహించి దాచినవాడు స్థానిక చరిత్రాభిమాని, దాన్ని చదివి చరిత్రలో చోటు చూపినవాడు పండితుడు. మచు పిచ్చు విషయంలో ఆర్టెయాగా, లిజరాగా, బింగం ఇవే మూడు స్థానాల్లో ఉన్నారనుకోవచ్చు. అక్కడ మూడింటి ఘనతా ఒకరి ఖాతాలో చేరింది. ఇక్కడ కనీసం రెండవ వ్యక్తి పేరు చరిత్రకారుల చర్చల్లో నిలిచింది. మొదటి వ్యక్తుల పేర్లు ఇక్కడా నమోదు కాలేదు.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, ‘కనుగొనడం’ ఒక వ్యక్తి ఒక రోజున చేసే పని కాదు. అది ఎరుకనుంచి నమోదు దాకా సాగే సుదీర్ఘ ప్రయాణం. రెండు, ఆ ప్రయాణంలో తొలి మెట్టును విస్మరిస్తే స్థలాల పేర్లు, దారులు, దొరికిన సందర్భం వంటి సాక్ష్యాలు జారిపోతాయి. మచు పిచ్చు అసలు పేరుపై నేటికీ సాగుతున్న చర్చ ఇందుకు తార్కాణం. మూడు, స్థానిక విశ్వాసం ఇంతకాలం శిథిలాలకు కాపలాగా ఉంది. అది బలహీనపడిన చోట చరిత్ర బోధన ఆ కాపలాను అందుకోవాలి.

ఆచరణలో ఇందుకు పెద్ద వ్యయం అవసరం లేదు. సిద్దిపేట వంటి జిల్లాల్లోని డిగ్రీ కళాశాలల చరిత్ర, తెలుగు శాఖలు కలిసి గ్రామాలవారీగా పాటిగడ్డలు, రాక్షసగుళ్ళు, నిలువురాళ్ళు, బురుజుల పేర్లను, వాటిపై పెద్దలు చెప్పే మాటలను నమోదు చేయవచ్చు. ఆ నమోదులో చెప్పినవారి పేరు, వారి అనుమతితో, తప్పక ఉండాలి. సర్వే నంబరుతో పాటు జనం వాడే పేరు కూడా రాయాలి. సంగ్రహాలయాల్లో వస్తువు కింది పలకపై తవ్వకం సంవత్సరానికి తోడు ఆ ఊరు, ఆ గుట్ట పేర్లు ఉండాలి. తవ్విన ఊరి పాఠశాలకు ఆ తవ్వకపు సారాంశం తెలుగులో చేరాలి. గుట్టలెక్కే యువజన బృందాలకు ఇంకా మార్గంలో లాగే సంఖ్యానియమం, స్థానిక మార్గదర్శకుని తోడు తప్పనిసరి చేస్తే నడక అధ్యయనంగానూ మారుతుంది, ఊరికి కొంత జీవనోపాధి కూడా అవుతుంది.

1911లో మచు పిచ్చు గోడమీద కనిపించిన లిజరాగా పేరు బొగ్గు గీత కాబట్టి చెరిగిపోయింది. నర్మెట బండను చూపించగల పెద్దల మాట దానికన్నా సున్నితమైనది. ఆ తరం ఉండగానే దాన్ని కాగితం మీదికి తేవడం నేటి పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.